రిటైర్మెంటు లేని డైరెక్టరు గారు

కృత్రిమ మేధ అంటే ఏమిటో ఎట్టకేలకు తేలిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తేల్చినది నిర్వచనాల శాఖ. రోడ్డు మీద గుంత అంటే ఏమిటో నిర్వచించి, ఊళ్ళో గుంతలన్నిటినీ ఒక్క పూటలో లేకుండా చేసిన ఘనత ఈ శాఖదే. జనం ఇంకా పడుతున్నారంటే అది వాళ్ళ అజాగ్రత్త.

శాఖకి అధిపతి డైరెక్టరు గారు. ఆయనకి తెలియని విషయం లేదు. ఉంటే అది విషయమే కాదని ఆయన అభిప్రాయం. అంతటి మేధావి నెలాఖరుకి రిటైరవుతున్నారు. అందుకు శాఖలో ఎవరూ ఏడవలేదు గాని, ఇంట్లో ఆయన భార్య ఏడ్చింది.

"ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉంటేనే కూరలో ఉప్పెంత వెయ్యాలో, గిన్నెలు ఎటు బోర్లించాలో చెప్పి ప్రాణం తీస్తారు. ఇక రోజూ అంటే నావల్ల కాదు తమ్ముడూ" అని డిప్యూటీ డైరెక్టరు దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"ఊరుకోండి అక్కా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు డిప్యూటీ. ఆయనకేం, ఎన్నైనా అంటాడు. ఆ కుర్చీ కోసం ఎదురుచూస్తూనే ఆయన జుట్టంతా రాలిపోయింది. గదికి వెయ్యబోయే కొత్త కర్టెన్ల రంగు కూడా ఎంచిపెట్టుకున్నాడు.

ఇంతలో పైనుంచి ఒక యంత్రం, దాని వెనకే ఒక ఉత్తర్వు దిగాయి. యంత్రంలో ఉన్నది కృత్రిమ మేధ అవునో కాదో నిర్వచించి తేల్చవలెనని దాని సారాంశం. వెంటనే కమిటీ కూర్చుంది. అన్నీ గుర్తుపెట్టుకునేదే కృత్రిమ మేధ అన్నాడొకాయన. అయితే మా అత్తగారే అన్నాడు పక్కాయన. అలుపు లేకుండా పనిచేసేది అన్నారింకొకరు. అందరూ తలెత్తి ఫ్యాను వైపు అనుమానంగా చూశారు. ఆ క్షణంలోనే కరెంటు పోవడంతో ఫ్యాను పోటీలోంచి తప్పుకుంది.

చివరికి డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా ఒక నిర్వచనం చెప్పేశారు. ఎవరికీ అర్థం కాలేదు. అందుచేత ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

మిగిలింది పరీక్ష. పోల్చి చూడటానికి యంత్రం పక్కన సహజ మేధకి నమూనాగా ఒక మనిషి కావాలన్నారు. డైరెక్టరు గారు ఉండగా ఇంకెవరు కూర్చుంటారు? భార్యని కూడా పిలిపించుకుని ముందు వరసలో కూర్చోబెట్టారాయన.

ప్రశ్న డిప్యూటీ వేశాడు. "రేపు మధ్యాహ్నం ఈ టేబుల్ కింద చీమలు ఎటు వెళతాయి?"

"నాకు తెలియదు. ఊహించి చెబితే తప్పు కావచ్చు, క్షమించండి" అంది యంత్రం.

"తూర్పుకి. ఇందులో రెండో అభిప్రాయం లేదు" అన్నారు డైరెక్టరు గారు. పడమర అయ్యే అవకాశం లేదా అని ఎవరో గొణిగితే, అది చీమల పొరపాటు అవుతుందన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

కమిటీ రెండు జవాబులనీ నిర్వచనంతో సరిపోల్చింది. యంత్రంలో ఉన్నది సహజ మేధ అని, డైరెక్టరు గారిది కృత్రిమమని తేలింది.

"నేనా? కృత్రిమమా?" అని ఆయన లేచి నిలబడ్డారు.

"కూర్చోండి! యంత్రాలకి రిటైర్మెంటు ఉండదండీ!" అని అరిచింది భార్య.

ఆయన కూర్చున్నారు. "నిర్వచనం నాది. దానికి తిరుగులేదు" అని గంభీరంగా ప్రసంగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తన ప్రశ్నతో తన కుర్చీకే ఎసరు పెట్టుకున్న డిప్యూటీ మాత్రం కర్చీఫు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

అయితే రిటైర్మెంటు ఉత్తర్వు మీద అప్పటికే సంతకాలైపోయాయి. ఎవరో ఒకరు రిటైరవ్వక తప్పదు. సహజ మేధ కనక యంత్రాన్నే రిటైరు చేశారు. దాని సేవల్ని కొనియాడి, గోడ గడియారం బహూకరించి, డైరెక్టరు గారి భార్య వెంట ఇంటికి పంపారు.

"అడిగితేనే మాట్లాడుతోంది. ఉప్పు సంగతి నాకు తెలియదంది. ఇన్నాళ్ళకి ఇంట్లో తోడుగా ఓ మనిషి ఉన్నట్టుంది తమ్ముడూ" అని చెప్పిందావిడ.

ఇప్పుడు శాఖ అంతా తమనీ కృత్రిమ మేధగా ప్రకటించమని క్యూ కట్టింది. ముందర డిప్యూటీయే నిలబడ్డాడు. ప్రజలకీ అవకాశం ఇస్తున్నారు. మీరు మాత్రం క్యూలో నిలబడనక్కర్లేదు. డైరెక్టరు గారి నిర్వచనం ఏమిటో మేం ఇంతవరకు చెప్పనేలేదు. అయినా మీరు అంతా తెలిసినట్టే తల ఊపుతూ ఇక్కడిదాకా వచ్చేశారు. మీ ఎంపిక పూర్తయింది, అభినందనలు.