చెయ్యి ఆనే చోటు

ఇలా దగ్గరికి జరగండి. ఆ మూలన కూర్చుంటే సగమే వినబడుతుంది. సగం విన్న కథ అసలు వినని కథకంటే చెడ్డది. ఇప్పుడు చెప్పబోయేది కూడా సగం చూసినవాళ్ళ వల్ల, సగం తెలిసినవాళ్ళ వల్ల జరిగిన కథే.

నాకు వదిన వరస అయ్యే ఒకావిడ ఉంది. ఆవిడ భర్త బస్సు నడిపేవాడు. ఉద్యోగం అయిపోయాక కూడా అందరూ ఆయన్ని డ్రైవరుగారనే పిలిచేవారు. ఎండాకాలం, వానాకాలం చిరిగిన రెగ్జిన్ సీటు మీద కూర్చుని కూర్చుని వీపంతా చెమటకాయలు. ఒకనాడు పంతం పట్టి ముగ్గురు కూర్చునే లెదర్ సోఫా ఇంటికి తెచ్చాడు. "బతుకంతా రెగ్జిన్ మీద గడిచిపోయింది, ఇంట్లోనైనా అసలు తోలు మీద కూర్చుంటా" అన్నాడు. ఆ రోజు నుంచీ ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ మాటే. "అసలు లెదరండీ, తడిమి చూడండి" అని కుడివైపు చెయ్యి పెట్టుకునే చోటు చూపించేవాడు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు కూడా తడమకుండా బయటపడలేదు.

అలాంటి మనిషికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం మీద నడుం వాల్చాడంటే నీళ్ళలో మునిగినవాడిలా కొట్టుకునేవాడు. సోఫా కుడి మూలన ఏళ్ళ తరబడి ఆయన ఒళ్ళు చేసుకున్న గుంట ఒకటి ఉంది. అందులో ఒరిగి, కుడి చెయ్యి సోఫా చేతి మీద ఆనిస్తేనే ఊపిరి లోపలికి పోయేది. తిండీ అందులోనే, నిద్రా అందులోనే. ఆ గుంట ఉన్నన్నాళ్ళే ఆయనా ఉంటాడని ఇల్లాలికి తెలుసు. డాక్టరు పిల్లల్ని వరండాలోకి పిలిచి "ఇక చూసుకోండి" అన్నాడు. ఏం చూసుకోవాలో చెప్పలేదు. పిల్లలు సోఫాని చూసుకున్నారు.

ఆ ఉదయం ఇల్లాలు అనుకున్న పని చిన్నది. ఆయనకి గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడవాలి, గడ్డం గీయాలి, ఉతికిన చొక్కా తొడగాలి. కొడుకూ, కూతురూ, అల్లుడూ వస్తున్నారు. వాళ్ళ కళ్ళకి మనిషి కాస్త తేటగా కనబడితే చాలు. అయితే నీళ్ళు కాగేలోపే వాళ్ళు దిగిపోయారు. కూతురు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి తల్లి చేతిలో గరిటె అందుకుంది. మగవాళ్ళిద్దరూ ముందు గదిలో, కళ్ళు మూసుకుని ఒరిగి ఉన్న పెద్దాయనకి చెరో పక్కా మిగిలారు.

అల్లుడి గురించి కాస్త చెప్పాలి. ఆయనది బీమా కంపెనీలో సర్వేయరు పని. ఎక్కడ దుకాణం కాలినా, గోదాము మునిగినా వెళ్ళి, పోయిందెంత, పోయిందని చెబుతున్నదెంత అని తేల్చాలి. ఆ పని చేసీ చేసీ దేన్నీ ఉన్నదున్నట్టు నమ్మడం మానేశాడు. కొత్త అల్లుడిగా వచ్చినప్పుడు అత్తగారు పాలు ఇస్తే గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆయన ఇంట్లోనూ ఒక లెదర్ సోఫా ఉంది, అసలు తోలేనన్న గ్యారంటీ కాగితంతో సహా. దాని మీద దుప్పటి పరవకుండా ఎవరినీ కూర్చోనివ్వడు. పరిచాక కూడా కూర్చున్నవాళ్ళని కనిపెట్టి చూస్తూ ఉంటాడు.

మాట మొదలెట్టింది కొడుకు. నాన్న తర్వాత సోఫా తన ఇంటికి తీసుకెళ్తానన్నాడు, గొంతు తగ్గించి.

"అలాగే బావగారూ. మీ చెల్లెలికిస్తానని మామయ్యగారు అన్నారనుకోండి, అయినా ఫరవాలేదు. రెగ్జినైతే మీరే ఉంచుకోండి," అన్నాడు అల్లుడు.

"రెగ్జినైతే నాకు మాత్రం ఎందుకు బావా?"

సరే, పంచుకునేముందు అసలుదో నకిలీదో తేల్చుకోవడం మంచిదని ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు, అదే చివర. మధ్యలో పెద్దాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. కళ్ళు మూసుకున్నవాళ్ళందరూ నిద్రపోరు కదా, కానీ ఆ సంగతి వాళ్ళకి తట్టలేదు.

మొదటి పరీక్ష వాసన. అసలు తోలుకి తోలు వాసన ఉంటుంది, రెగ్జిన్‌కి ప్లాస్టిక్ వాసన. అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని, మామగారి కుడిచెయ్యి పక్కనే ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని దీర్ఘంగా పీల్చాడు. ఒకసారి చాలక మళ్ళీ పీల్చాడు. సరిగ్గా అప్పుడే మేడమీద ఉండే టైలరమ్మ కుట్టిన చొక్కా ఇద్దామని గుమ్మం దాకా వచ్చింది. పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిలువెత్తు అల్లుడు ఆయన చేతి మీద మొహం పెట్టి ముక్కు ఎగబీలుస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగి ఎవరి ముందూ తల వంచని అల్లుడు. టైలరమ్మకి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. చొక్కా గుండెలకి హత్తుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. మెట్లెక్కుతూ ఒక ఇంట్లో పోయాడని చెప్పింది, పై ఇంట్లో అల్లుడి చేతుల్లో పోయాడని చెప్పింది. మేడ పైకి చేరేసరికి ఆయన చివరి మాట కూడా తయారయింది.

లోపల రెండో పరీక్ష నడుస్తోంది. అసలు తోలు నీటిచుక్కని తాగి నల్లబడుతుంది, రెగ్జిన్ దొర్లించేస్తుంది. అల్లుడు చేతివైపు చుక్క వేశాడు. అది మెల్లిగా ఇంకిపోయి మచ్చ కట్టింది. కొడుకు వీపువైపు వేశాడు. అది పూసలా దొర్లి కిందికి పోయింది. నమ్మకం కలక్క ఇంకో చుక్క, మరో చుక్క, ఆఖరికి గ్లాసే వంపాడు. ఆ నీళ్ళన్నీ దొర్లుకుంటూ పోయి పెద్దాయన గుంటలో చేరాయి.

ఒళ్ళు తుడవడానికి ఇల్లాలు తువ్వాలు తీసుకుని వచ్చింది. ఆయన కింద తడి చూసింది. ఆవిడ మొహంలో ఏదో ఆరిపోయింది. ఇంత వరకూ ఆ ఒక్కటే రాలేదని ధైర్యంగా ఉంది పాపం.

"ఫరవాలేదండీ, రండి, బట్టలు మారుద్దాం," అంది మెల్లగా.

"నేను కాదే," అన్నాడాయన.

"మీరు కాదులెండి."

"నేను కాదంటున్నానా."

కొడుకు గ్లాసు వెనక్కి దాచుకున్నాడు. అల్లుడు కిటికీలోంచి బయటికి చూశాడు. కన్న కొడుకు ముందు, పిల్లనిచ్చిన అల్లుడి ముందు ఆ మనిషి తల వంచుకుని, భార్య భుజం పట్టుకుని, అడుగడుక్కీ ఆగి ఊపిరి తీసుకుంటూ స్నానాల గదిలోకి వెళ్ళాడు. ఈ కథలో నవ్వు రాని చోటు ఇదొక్కటే అనుకోకండి, ఇంకా ఉంది.

సోఫా ఖాళీ అయింది. అల్లుడు అసలుదంటాడు, కొడుకు నకిలీదంటాడు. ఇద్దరూ కళ్ళతో చూసిందే చెబుతున్నారు. అవతలివాడు దక్కించుకోవడానికి అబద్ధమాడుతున్నాడని ఇద్దరి అనుమానం. అప్పుడు అల్లుడు జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"నిప్పు అబద్ధం చెప్పదు బావగారూ. ఎన్ని కాలిన దుకాణాలు చూశానో. తోలైతే కాలిన వెంట్రుకల వాసన వేసి ఊరుకుంటుంది. రెగ్జినైతే కరుగుతుంది."

సోఫా కింది అంచున, ఎవరికీ కనబడని చోట పుల్ల గీసి పెట్టాడు. కాలాక వెళ్ళి చూడటమే ఆయన ఉద్యోగం. కాలుతుండగా చూడటం అదే మొదటిసారి. రెగ్జిన్ ముడుచుకుని, బొట్లు బొట్లుగా కరిగి, లోపలి ఫోమ్ మీద పడింది. ఫోమ్ అంటుకుంది.

"చూశావా, రెగ్జినే," అన్నాడు కొడుకు సంతోషంగా. గెలిచిన సంతోషంలో ఆర్పాలన్న సంగతి కాస్త ఆలస్యంగా తోచింది. గ్లాసులో నీళ్ళన్నీ పరీక్షకే అయిపోయాయి. బకెట్టు స్నానాల గదిలో ఉంది. పరిగెత్తి తలుపు కొట్టి బకెట్టు ఇమ్మన్నాడు. మీ నాన్నకి ఒళ్ళు తుడుస్తున్నాను, కాసేపు ఆగలేవా అని లోపలినుంచి తల్లి కసిరింది. ఆగాడు. పొగ ఆగలేదు. ఆఖరికి వంటింట్లోంచి కూతురు పరిగెత్తుకొచ్చి, చెరో పక్కా పట్టమని ఇద్దర్నీ అదిలించి, మండుతున్న సోఫాని వరండా దాటించి వీధిలోకి ఈడ్పించింది.

వీధిలో అప్పటికే జనం పోగయ్యారు. పూలదండలతో కొందరు, చేతులు కట్టుకుని కొందరు. ఇంట్లోంచి నల్లటి పొగ రావడం చూసి టైలరమ్మ బుగ్గ నొక్కుకుంది. "మరీ ఇంత తొందరా, ఇంట్లోనే కానిచ్చేస్తున్నారు," అంది. ఎవరో పుణ్యాత్ముడు శవాల బండికి కూడా కబురు పెట్టాడు. అది వచ్చి గుమ్మం ముందు ఆగింది.

అప్పుడు లోపలినుంచి, నున్నగా గీసిన గడ్డంతో, ఉతికిన చొక్కాలో, భార్య భుజం పట్టుకుని డ్రైవరుగారు వచ్చాడు. జనాన్ని చూశాడు, పూలు చూశాడు, బండి చూశాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

బండివాడొక్కడే, పని మీదున్న మనిషి, "ఈ ఇంటి పెద్దాయనటండీ," అన్నాడు.

"అయితే కాస్త ఆగాలి నాయనా," అన్నాడు డ్రైవరుగారు. ఆ తర్వాతే వీధిలో మాడిపోతున్న సోఫా ఆయన కంటబడింది.

దాంతో దగ్గు మొదలైంది. లోపల పొగ, బయట పొగ. వరండాలో కుర్చీ వేస్తే మెడ ముందుకి వాలిపోయింది. దిళ్ళు పేరిస్తే అందులో కూరుకుపోయాడు. పెదవులు నీలంగా మారుతున్నాయి. పూలు తెచ్చినవాళ్ళు వాటిని వెనక్కి దాచుకోవడం మానేశారు, ఎలాగూ కావలసివచ్చేట్టుందని. కొడుకూ అల్లుడూ నువ్వు చేశావంటే నువ్వు చేశావని చూసుకుంటూ నిలబడ్డారు.

ఇల్లాలు వరండా గచ్చు మీద చతికిలబడి, ఆయన్ని తన వెనక కూర్చోబెట్టుకుని, వీపుకి వీపు ఆనించింది. చెయ్యి వెనక్కి చాచి ఆయన కుడిచేతి కింద పెట్టింది. ఆయన ఒరిగాడు. కాసేపటికి ఊపిరి లోపలికి పోయింది. గుంట దొరికింది.

అప్పుడు కూడా అల్లుడు ఉండబట్టలేక, చేతివైపు మాత్రం అసలు లెదరే, నీళ్ళు తాగిందని గొణిగాడు. కొడుకు కాదని గొణిగాడు.

"ఇద్దరూ చెప్పేదీ నిజమేరా. ఆ చెయ్యి ఆనే చోటు తోలు. మిగతాదంతా రెగ్జినే. మీ అమ్మ మార్పించింది," అన్నాడు పెద్దాయన.

ఆవిడ వీపు బిగుసుకుంది. ఆ కదలికకి ఆయన కాస్త జారి, మళ్ళీ సర్దుకున్నాడు.

జరిగిందేమిటంటే, ఆయన దూరపు రూట్లు తిరిగే రోజుల్లో ఆ తోలు పగిలి పొరలు పొరలుగా లేచిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఆయన మనసు విరిగిపోతుందని, ఆయన లేనప్పుడు సోఫా రిపేరువాణ్ణి పిలిపించి అదే రంగు రెగ్జిన్ తొడిగించింది. ఆయన అందరిచేతా తడిమించే చోటు మాత్రం బాగానే ఉంటే, దాన్ని కదపనివ్వలేదు. ఆయన వచ్చి కూర్చుని, బాగా మెరుస్తోందే, ఏం చేశావని అడిగాడు. నూనె రాశానంది. ఊరుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది ఇప్పుడు, వెనక్కి తిరక్కుండానే.

"ఆ సాయంత్రమే. రెగ్జిన్ సంగతి నా వీపుకి తెలీదా?"

"మరి అందరికీ అసలు లెదరని చెబుతూనే వచ్చారుగా."

"మానేస్తే నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోదూ?"

ఒకరి మొహం ఒకరికి కనబడటం లేదు. మాకందరికీ ఇద్దరివీ కనబడ్డాయని టైలరమ్మ తర్వాత చెప్పింది. ఈసారి మాత్రం ఆవిడ ఏమీ కలపలేదు.

"నూనె అన్నానుగా మీతో," అంది ఆవిడ చివరికి.

"మంచి నూనె," అన్నాడాయన.

ఆ మాటకి కూతురు కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. మన సోఫా తెప్పించండి అంది. అల్లుడు నోరు తెరిచాడు. ఇప్పుడే అంది. నోరు మూసుకున్నాడు. అంత పెద్ద సోఫా మోసే బండి ఎక్కడ దొరుకుతుందని మాత్రం అన్నాడు. శవాల బండివాడు గొంతు సవరించుకున్నాడు. పిలిచాక ఖాళీగా తిరిగి వెళ్ళడం తన బండికి అచ్చిరాదన్నాడు.

అలా, మనుషుల్ని తీసుకెళ్ళే బండి ఒక ఇంటికి సోఫా తెచ్చి దింపడం ఆ వీధి చూసింది. వెనకాలే అల్లుడు దుప్పటి పట్టుకుని దిగాడు. కూతురు ఆ దుప్పటి లాక్కుని తండ్రి కాళ్ళ మీద కప్పింది. వీపు తీసేసుకున్నాక ఇల్లాలికి చాలాసేపు నడుం లేవలేదు.

కొత్త సోఫాకి గుంట లేదు. మెల్లిమెల్లిగా ఆయనే చేసుకున్నాడు. చెయ్యి మాత్రం కొత్తచోట కుదరక తడుముకుంటుంటే, ఇల్లాలు కాలిన సోఫా నుంచి, మంట అంటకుండా మిగిలిన ఆ తోలు ముక్క కోసి తెచ్చి, కొత్తదాని చేతికి కుట్టింది. ఆయన ఆ వానాకాలం దాటాడు. ఒక మధ్యాహ్నం, చెయ్యి అక్కడే ఆనించి, వెళ్ళిపోయాడు. ఆ బండివాడే వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి తన కళ్ళతో చూసుకున్నాక కానీ బండి తలుపు తియ్యలేదు.

మనిషి పోయిన సోఫా కదా, మీరుంచుకోండంటే మీరుంచుకోండని బావాబావమరుదులు తోసుకున్నారు. అది ఆవిడకే మిగిలింది. ఇప్పటికీ అల్లుడు వచ్చినవాళ్ళందరితో చెబుతూ ఉంటాడు, పోయేముందు మామయ్యగారిని అసలు లెదర్ మీద కూర్చోబెట్టింది తనేనని. అలా చెబుతున్నప్పుడు మనిషి మొహం కాస్త మంచిగా కూడా ఉంటుంది.

ఆవిడ ఆ తోలు ముక్క కుట్టడానికి కొత్త సోఫా కుట్టు ఒకచోట విప్పవలసివచ్చింది. తోలైతే లోపలివైపు నూగునూగుగా ఉండాలి, రెగ్జినైతే గుడ్డ ఉంటుంది. అక్కడ చక్కగా అల్లిన గుడ్డ కనబడింది, నిలువూ అడ్డం. ఒక్క క్షణం చూసి మళ్ళీ కుట్టేసింది. నాతో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఇదీ కథ. గుర్తుంచుకోండి, మీ పిల్లలకి చెప్పండి, సగంలో ఆపకుండా చెప్పండి. ఎప్పుడైనా ఆ అల్లుడు ఎదురుపడి, మా అత్తగారింట్లో సోఫా ఇంకా అంతలా ఎలా మెరుస్తోందని అడిగితే మాత్రం, మంచి నూనె అనండి.