ఇంటల్లుడి పేరు పైన

ఆ పొద్దున నగేశ్ వేసుకున్న పథకం చిన్నదే. దుకాణం షట్టర్ లేపాలి, ఊదుబత్తి ముట్టించాలి, బాపు వచ్చేలోగా కంప్యూటర్లో ఇంట్లోవాళ్లందరికీ ఎవరి ఖాతా వాళ్లకు తెరిచిపెట్టాలి. గంటసేపటి పని. ఆ తర్వాత బస్టాండు ముందు బండి మీద ఇడ్లీ.

ఎల్లారెడ్డిలో ఆ ఫ్లెక్సీల దుకాణం పెట్టింది నగేశ్ తండ్రి సాయన్న. ఒకప్పుడు కుంచె పట్టి గోడల మీద పేర్లు రాసినవాడు, ఇప్పుడు ఆర్డర్లు తీసుకుంటాడు. పెద్దకోడలు వందన డిజైన్లు చేస్తుంది. అల్లుడు భూపాల్ తయారైన ఫ్లెక్సీలను చౌరస్తాల్లో కడతాడు, మిగతా టైములో అందరి పనుల్లో సలహాలిస్తాడు. ప్రింటు కొట్టే పెద్ద మిషను మాత్రం వాళ్లకు లేదు. ఫైలు కామారెడ్డిలో ఉన్న సలీమ్‌భాయ్‌కి పంపితే, ఆయన ప్రింటు కొట్టి, చుట్టచుట్టి బస్సెక్కిస్తాడు.

ఇన్నాళ్లూ ఆ ఒక్క కంప్యూటర్లో అందరూ ఒకే ఖాతాలో పనిచేశారు. పాస్‌వర్డ్ లేదు. ఎవరు ఏ ఫైలు చేసినా దాని పేరు "కొత్తది". పోయిన నెల రెండు "కొత్తది"లు తారుమారై, లింగంపేటలో ఒక పెళ్లింటికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, ఒక చావింటికి "వధూవరులకు స్వాగతం" వెళ్లాయి. చావింటివాళ్లు పాపం ఏమీ అనలేదు, అనే స్థితిలో లేరు. పెళ్లింటివాళ్లు మాత్రం ఆటో మాట్లాడుకొని వచ్చి మరీ అన్నారు.

"మూడేండ్లు డిగ్రీల కంప్యూటరే చదివితివి గద బిడ్డా. దీనికి జర ఏదన్న బందోబస్తు చెయ్యి," అన్నాడు సాయన్న.

ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాడు నగేశ్ ఒక్కడే. తన చదువు ఇంటికి అక్కరకొచ్చే రోజు కోసం చూస్తున్నవాడు. బాపు మాటను సర్కారు ఉత్తర్వులాగే తీసుకున్నాడు.

అయితే ఆ రోజే ఖైసర్ సాబ్ ఫ్లెక్సీ కూడా ఉంది. ఖైసర్ సాబ్ బజార్లో టైలరు. ఆయన బిడ్డ ఇఫ్ఫత్ ఎస్సై ట్రైనింగు ముగించుకొని, యూనిఫాంలో ఊళ్లోకి వచ్చేది ఆ సాయంత్రమే. ఆమె దిగేసరికి చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ ఉండాలి. మధ్యలో ఇఫ్ఫత్, చుట్టూ ముప్పై మంది చుట్టాల మొహాలు. ఆ మొహాలన్నిటినీ వందన ఒక్కొక్కటే కత్తిరించి అతికించింది. ఫైలు మధ్యాహ్నంలోగా సలీమ్‌భాయ్‌కి చేరకపోతే ఫ్లెక్సీ ఉండదు. ఇఫ్ఫత్ వస్తుంది, చౌరస్తాలో పాతిన ఒట్టి కట్టెలుంటాయి.

నగేశ్ నాలుగు ఖాతాలు తెరిచాడు. అందరికీ అర్థం కావాలని పేర్లు తెలుగులోనే పెట్టాడు. అంతలో వందన వచ్చి తన ఖాతాలోకి వెళ్లి పెళ్లికార్డు పని మొదలుపెట్టింది. కాసేపటికి నగేశ్ ఆమెను లేపి, ఆమె ఖాతాను అట్లాగే తెరిచి ఉంచి, తన ఖాతాలోకి మారాడు. ఏదీ మూయకపోవడం ఆ దుకాణం ఆచారం. ఒకసారి ఆపితే మూడు రోజులు లేవని కంప్యూటర్ అది. "ఎద్దు పండుకుంటే లేస్తదని నమ్ముత గని, ఇది పండుకుంటే లేస్తదని నమ్మ," అనేవాడు సాయన్న. రాత్రిళ్లు కూడా దాని మీద తువ్వాల కప్పేవాళ్లే తప్ప ఆపేవాళ్లు కాదు.

నగేశ్ ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్లోకి మార్చి, "డిజైన్" అని ఒక గ్రూపు పెట్టి, ఆ గ్రూపులో ఉన్నవాళ్లే ఫోల్డర్ తెరవగలిగేలా చేశాడు.

"గ్రూపేంది నగేశ్?" అంది వందన.

"మన సంఘం వంట బగోనాలు లేవా వదినా? సంఘంల పేరున్నోళ్లకే ఇస్తరు గద. ఇదీ గంతే. అండ్ల నీ పేరు, నా పేరు రాసిన."

"నాకు సంఘాలు వద్దయ్యా. ఇఫ్ఫత్ ఫైలు నాకు కనబడితే చాలు."

అప్పుడే సాయన్న, భూపాల్ లోపలికొచ్చారు. తెర మీద నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నగేశ్, భూపాల్, వందన, సాయన్న.

సాయన్న కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. "ఏందిర ఇది? అందరికన్న చిన్నోనివి, నువ్వు పైన. నేను అడుగున."

"అక్షరాల వరుస బాపూ. న ముందొస్తది, స ఆఖరికొస్తది. కంప్యూటరే పెట్టుకుంటది."

"అక్షరం చూసి పెద్దరికమిస్తదా?"

సాయన్న బాధ ఊరికే వచ్చింది కాదు. ఒక్క ఫోటో అంగుళం కిందికి జరిగినందుకు పార్టీ మారినవాళ్లు ఆయన దగ్గరికొచ్చే గిరాకీల్లో ఉన్నారు. పైన ఎవరుండాలి, పక్కన ఎవరుండాలి, కింద ఎవరిని సర్దాలి అన్నదే ఆ దుకాణం అసలు వ్యాపారం. నగేశ్ గబగబా తండ్రి ఖాతాకు పెత్తనం ఇచ్చాడు.

"పేరు కిందున్నా తాళం నీ చేతిలనే బాపూ. ఎవర్నన్న చేర్చాలన్నా, తీసెయ్యాలన్నా నువ్వు, నేను. గంతే."

"మరి నేను?" అన్నాడు భూపాల్.

"నీది మామూలు ఖాతా బావా."

"మామూలు," అన్నాడు భూపాల్, దావత్‌లో తన కంచంలో మూలుగున్న నల్లిబొక్క పడనప్పుడు అనే గొంతుతో. "గా సంఘంల నా పేరున్నదా?"

నగేశ్ నేల చూపులు చూశాడు. ఆ రెండు "కొత్తది"లను తారుమారు చేసింది బావే అని ఇంటల్లుడి మొహం మీద ఎట్లా చెప్పడం?

సాయన్న తన ఖాతాలోకి వెళ్లి, భుజం అడ్డుపెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టాడు.

"ఎవ్వరికి చెప్పద్దు బాపూ. ఫోన్ల అడిగినోడు దొంగ అనుకో. నేనడిగినా చెప్పద్దు."

"నువ్వడిగినా?"

"నేనడిగినా. నా మీద ఒట్టు."

సాయన్న కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, ప్రింటు దగ్గరుండి చూసుకుంటానని కామారెడ్డి బస్సెక్కాడు. ఆయన ఖాతా తెరిచే ఉంది. నగేశ్ తన ఖాతా ఒక్కదాన్ని పద్ధతిగా మూసి ఇడ్లీలకు పోయాడు. వందన పిల్లను బడిలో దించడానికి వెళ్లింది. దుకాణంలో మిగిలింది భూపాల్, కంప్యూటర్, "మామూలు" అన్న మాట.

ఇడ్లీ తిని వచ్చిన నగేశ్‌కు తెర మీద మూడే పేర్లు కనిపించాయి. పైన భూపాల్.

"బావా, నా పేరేది?"

"మామ ఖాతా తెరిచే ఉండె, అండ్లకెల్లి తీసేసిన," అన్నాడు భూపాల్ తృప్తిగా. "పై మొహం తీస్తే కిందిది పైకొస్తది గద. ఫ్లెక్సీల గిట్లనే చేస్తం. మామ వచ్చి పోయేదాక ఉండనియ్యి, తర్వాత కంట్రోల్ జెడ్ కొట్టి నిన్ను తెచ్చుకుందం."

"అది ఫ్లెక్సీ కాదు బావా! అండ్ల కంట్రోల్ జెడ్ ఉండదు!"

"ఉండదా?" భూపాల్ మొహంలో తృప్తి సగానికి తగ్గింది. "మొత్తం పోతది, సరేనా అని అడిగింది. మర్యాదకు అడుగుతుందనుకున్న."

నగేశ్ గుండె ఇడ్లీ బండి దాకా పోయి వచ్చింది. ఇఫ్ఫత్ ఫైలు తన ఖాతాలో లేదు, వేరే ఫోల్డర్లో ఉంది. అదొక్కటే ధైర్యం. వందన రాగానే ఆమె ఖాతా తెర మీదికి తెప్పించి ఫోల్డర్ నొక్కించాడు. "మీకు అనుమతి లేదు" అంది కంప్యూటర్.

"సంఘంల నా పేరు రాసిన్నంటివి గద?"

"రాసిన వదినా! నా కండ్లతోని చూసిన!"

మళ్లీ నొక్కింది. మళ్లీ అనుమతి లేదు. ఇక పెత్తనమున్న ఖాతా సాయన్నదొక్కటే. దాన్ని తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఎవరూ ముట్టకుండా కాసేపు ఉంటే తనంతట తానే తాళం వేసుకునేలా పెట్టింది కూడా పొద్దున నగేశే.

బాపు ఫోను దుకాణంలోనే చార్జింగులో ఉంది. సలీమ్‌భాయ్‌కి కొట్టారు.

"అరే నగేశ్ భాయ్, మీ బాపు ఇప్పుడే దిగిండు. మిషన్ గరం చేసి కూసున్న. ఫైలేది?"

"ఫోన్ బాపుకియ్యి భాయ్... బాపూ, నీ పాస్‌వర్డ్ చెప్పు, జల్ది!"

అవతలినుంచి సాయన్న దగ్గు వినిపించింది.

"బాపూ?"

"ఎవరు మాట్లాడేది?"

"నేను బాపూ, నగేశ్!"

"ఫోన్ల అడిగినోడు దొంగ అని మా నగేశే చెప్పిండు."

"నేనే గద చెప్పింది!"

"నువ్వడిగినా చెప్పద్దన్నవ్. నీ మీద ఒట్టు పెట్టించుకున్నవ్. ఒక్కగానొక్క చదువుకున్న కొడుకువి. నీకేమన్న అయితే?"

"నాకేం కాదు బాపూ! ఇఫ్ఫత్ ఫ్లెక్సీ ఆగిపోయింది!"

"అయితే నేనే వచ్చి నా చేతితోని కొడ్త. ఆగుండ్రి." ఫోను పెట్టేశాడు. సలీమ్‌భాయ్ మళ్లీ చేసి, సాయన్న ఎల్లారెడ్డి బస్సు వెనుక పరుగెత్తి ఎక్కేశాడని చెప్పాడు. ఆయన ఇక్కడికి రావాలి, ఫైలు అక్కడికి పోవాలి, ఫ్లెక్సీ మళ్లీ ఇక్కడికి రావాలి. లెక్క ఎట్లా వేసినా ఇఫ్ఫత్ ముందొస్తోంది.

అదే సమయానికి ఖైసర్ సాబ్ మిఠాయి డబ్బాతో లోపలికొచ్చాడు. "అయిపోయిందా తమ్మీ? మా ఇఫ్ఫత్ బయలెల్లింది. మద్నూర్ చుట్టాలు గూడ దిగిన్రు."

"అయిపోయింది సాబ్, మిషన్ మీదనే ఉన్నది," అన్నాడు భూపాల్. నగేశ్‌కు అబద్ధం చేతకాదు, మిఠాయి తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. నోరు నిండితే ఎవరూ ఏమీ అడగరు.

ఖైసర్ సాబ్ పోగానే వందన కుర్చీ లాక్కుంది. "ముప్పై మొహాలు మళ్ల కోస్త. ఎంతవరకైతే గంత. కనీసం దగ్గరి చుట్టాలన్న ఉంటరు." కష్టమంతా ఆమెదే. ఆమెను ఒక్క మాట కూడా అడగకుండా ఆ కష్టాన్ని తాళంలో పెట్టింది నగేశ్.

"తప్పయింది వదినా," అన్నాడు నగేశ్.

ఆ మాట పూర్తి కాకముందే కరెంటు పోయింది.

దుకాణంలో ఫ్యాను, లైటు, కంప్యూటర్ అన్నీ ఒక్కసారే ఆగాయి. బ్యాటరీ డబ్బా ఒకటి ఉంది కానీ, అది ఎప్పుడో చచ్చిపోయి చాయ్ గ్లాసులు పెట్టుకునే పీటగా మారింది. మూయకూడని కంప్యూటర్ మూతపడింది.

"ఇగ లేవదు," అన్నాడు భూపాల్, తలపాగా తీసినట్టుగా భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకొని.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి, ఆలోచించి, లేచింది. వందన తన పేరు నొక్కి లోపలికి పోయింది. ఆశ లేకుండానే ఫోల్డర్ నొక్కింది.

తెరుచుకుంది. ఇఫ్ఫత్ మధ్యలో నవ్వుతోంది. ముప్పై మంది చుట్టాలూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

"అయ్యో దేవుడా!" అంటూ వందన ఏడుస్తూ నవ్వింది. భూపాల్ తెరకు రెండు చేతులెత్తి మొక్కాడు. అప్పుడు వెలిగింది నగేశ్ బుర్రలో లైటు.

"వదినా, నువ్వు పొద్దుగాల లోపలికి పోయినంక సంఘంల నీ పేరు రాసిన. ఒకసారి బయటికొచ్చి మళ్ల పోతేనే గుర్తువడ్తది. మనం అసలు మూస్తే గద!"

"అంటే, మూసి తెరిస్తే అయిపోవునా?"

"అయిపోవు."

"మూడేండ్ల చదువుల గీ ముక్క లేదా నగేశ్?"

"ఉన్నది వదినా. పరీక్షల గూడ రాసిన."

ఫైలు కామారెడ్డి చేరింది. సలీమ్‌భాయ్ తాడ్వాయి బస్టాపులో తనకు తెలిసిన పండ్ల బండివాడికి ఫోను చేస్తే, అతను ఎల్లారెడ్డి బస్సు ఆపి సాయన్నను దింపి, వెనక్కి పోయే బస్సెక్కించాడు. సాయంత్రానికి సాయన్న ఫ్లెక్సీ చుట్టను భుజాన వేసుకొని ఎల్లారెడ్డిలో దిగాడు. భూపాల్ ఎన్నడూ లేనంత వేగంగా కట్టెలెక్కి కట్టాడు. ఆఖరి ముడి వేస్తుండగా ఇఫ్ఫత్ కారు దిగింది. టోపీ సరిచేసుకొని, నడిబజార్లో తండ్రికి సెల్యూట్ కొట్టింది. ఖైసర్ సాబ్ కళ్లు తుడుచుకుంటూ ఫ్లెక్సీని పైనుంచి కింది దాకా చూశాడు.

"బహుత్ అచ్ఛా ఉన్నది సాయన్నా. గని మా బామ్మర్ది మొహం నా మొహం కన్న జర పెద్దగ రాలేదూ?"

"బామ్మర్దులు గట్లనే ఉంటరు సాబ్," అన్నాడు భూపాల్, ఎవరివైపూ చూడకుండా.

దుకాణానికి తిరిగొచ్చాక నగేశ్ తండ్రి ముందు కీబోర్డు పెట్టాడు. "బాపూ, ఒట్టు తీసేసిన. ఇగ పాస్‌వర్డ్ కొట్టు. నా ఖాతా మళ్ల తెరుస్త."

సాయన్న కీబోర్డును చాలాసేపు చూశాడు. ఒక వేలు ఎత్తాడు. దించాడు.

"సలీమ్ ముంగట ఇజ్జత్ పోతదని చెప్పలేదు బిడ్డా. గప్పుడే యాదిలేకుండె. బస్సుల కూసుంటే యాదికొస్తదనుకున్న. తాడ్వాయి దాక ఆలోచించిన, గంతల దించేసిన్రు."

మొదట నవ్వింది వందన. సాయన్న చిన్నబోయి తెరవైపు చూశాడు. పైన భూపాల్, నడుమ వందన, అడుగున ఆయన. "పెత్తనమూ పాయె. పేరు సుత అడుగున్నే ఉండె."

"అడుగున ఉంటే ఏమైంది మామా?" అంది వందన. "ఏ ఫ్లెక్సీ మీదన్న అందరికన్న అడుగున ఉండేది ఎవరి పేరు? చేసిచ్చిన దుకాణం పేరు, ఫోన్ నంబర్. మనదే గద."

సాయన్న మీసం దువ్వుకున్నాడు. "గది నిజమే," అని, నగేశ్ వీపు మీద తట్టి, మిగిలిన మిఠాయి వాడి చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఆ దుకాణం నుంచి ఏ పెళ్లింటికీ శ్రద్ధాంజలి పోలేదు. నగేశ్ ఇప్పటికీ వందన ఖాతాలోనే, ఆమె కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు, ఆమెను అడిగి పనిచేసుకుంటాడు. అతను పెట్టిన బందోబస్తును మాత్రం ఇంతవరకు ఎవరూ దాటలేకపోయారు, అతనితో సహా.