అత్తగారి విమానం, అల్లుడి దారం

కొలతల విషయంలో సర్వేయరుకు అనుమానమన్నది తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళ స్థలాలకు హద్దులు తేల్చిన మనిషి. ఆ ఉదయం ఆరింటికి లేచి, గోడ మీది ప్రపంచపటానికి దారం బిగించి పట్టాడు. ఒక కొస అత్తగారు ఎక్కిన విమానాశ్రయం దగ్గర, రెండో కొస ఆవిడ దిగబోయే చోట. స్కేలుతో కొలిచి, గంటకు తొమ్మిదివందల కిలోమీటర్ల చొప్పున భాగించి తీర్పు చెప్పాడు.

"మొత్తం పదిహేడు గంటలు. మధ్యాహ్నం మూడింటికి దిగుతుంది. భోంచేసి తీరిగ్గా వెళ్దాం."

"టికెట్ మీద పదకొండని ఉందండీ," అంది భార్య.

"అది వాళ్ళ ఆశ. ఇది నా లెక్క."

"పోయినసారి మూడు గంటలు నిలబెట్టారు. ఈసారీ ఆలస్యమైతే అమ్మ మళ్ళీ మన గడప తొక్కదు. ఆ తర్వాత నేనూ మీతో మాట్లాడను, చెప్తున్నా!"

ఆయన నవ్వాడు. అయినా భార్యకు మనసు నిలవక, విమానం ఎక్కడుందో ఫోనులో చూసి చూపించింది. విమానం పటంలో పైన, మంచు ప్రాంతాల దగ్గర ఉంది. దారానికీ దానికీ జానెడు తేడా!

"కొంప మునిగింది! పైలట్ దారి తప్పాడు!" అంటూ ఆయన విమానాశ్రయానికి ఫోను చేశాడు.

"కంగారేం లేదండీ, పదకొండుకల్లా దిగిపోతుంది," అంది అవతలి అమ్మాయి.

సర్వేయరు ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "నా లెక్క ప్రకారం పదకొండుకి ఇంకా మూడువేల ఆరువందల కిలోమీటర్లు మిగులుతాయి. అక్కడ నేలెక్కడుందే, అంతా సముద్రమే!"

భార్య పెట్టిన కేకకు పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు పరుగెత్తుకొచ్చాడు. విషయం విని సర్వేయరు బావమరిదికి ఫోను చేశాడు. బావమరిది మిగతా చుట్టాలందరికీ చేశాడు. పది దాటేసరికి ఇల్లు నిండిపోయింది. పోస్టుమాస్టరు తన ఇంట్లో కుర్చీలన్నీ తెచ్చి వరండాలో వేయించాడు. టికెట్ మాటో, ఫోనులో విమానం మాటో ఎత్తిన వాళ్ళందరికీ సర్వేయరు స్కేలు చూపించి నోరు మూయించాడు. చివరికి తన లెక్కకు తనకే ఏడుపొచ్చింది. అత్తగారిని ఒక్కనాడైనా ప్రేమగా పలకరించలేదే అని కుమిలిపోయి, లోపలికెళ్ళి ముసుగు తన్ని పడుకున్నాడు.

పన్నెండున్నరకు వాకిట్లో టాక్సీ ఆగింది. కోపంతో ఉడికిపోతూ దిగిన అత్తగారికి వరండా నిండా తలలు వంచుకున్న చుట్టాలు, కళ్ళు వాచిపోయిన కూతురు కనిపించారు. అల్లుడు మాత్రం కనిపించలేదు. ఆవిడ చేతిలోంచి పెట్టె జారిపోయింది.

"అయ్యో నాయనా! నువ్వు పోయావని తెలియక దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చానే!"

ఆ గొంతు విని సర్వేయరు ముసుగుతోనే బయటికొచ్చాడు. "అత్తయ్యా! మీరు బతికే ఉన్నారా?"

"నువ్వు బతికే ఉన్నావా?"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కాసేపటికి దారం సంగతి విని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పిచ్చి నాయనా, భూమి గుండ్రం కదా! పైనుంచి చుట్టొస్తేనే దగ్గరట, పక్క సీటాయన చెప్పాడు."

సర్వేయరు కొలిచిన భూమి ఏనాడూ గుండ్రంగా లేదు.

ఆవిడ పోయినసారి కోపం కూడా మరిచిపోయింది. "నా కోసం ఇంత బెంగపడే అల్లుడు ఎవరికుంటాడు? వారం రోజులుందామని వచ్చాను. ఆ తిరుగు టికెట్ రద్దు చేయించవే అమ్మాయీ, ఇక మీ దగ్గరే ఉంటాను."

ఇద్దరూ బతికి ఉన్నందుకు ఆ రోజు అందరూ సంతోషించారు, సర్వేయరు తప్ప.