ఎనిమిదో వరుసలోని హంస

శ్రీరామనవమి ఉత్సవాల్లో పొద్దున పదింటికి కచేరీ, కచేరీ ముగియగానే గాయనికి పట్టుచీరతో సత్కారం. ఆ చీర నేసిన ఆదెప్ప తెల్లవారగానే ధర్మవరంలో బస్సెక్కి, కదిరిలో దాన్ని నిర్వాహకుడు జయరాముడి చేతిలో పెట్టి, మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరాలన్నది ఏర్పాటు. సంగీతంతో ఆయనకు నిమిత్తం లేదు. రేడియోలో రాగాలాపన వినబడితే, పాపం పాడేవారికి మాటలు గుర్తుకు రావడం లేదని జాలిపడే మనిషి.

బస్సు కదులుతుండగా భార్య నాగలక్ష్మమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. "ఏమయ్యా, మడత పెట్టేటప్పుడు జూసినా. కొంగులో కడా వరసకి ఒక హంస తక్కువున్నట్టుండాది."

"ఇప్పుడా చెప్పేది?" అన్న ప్రశ్న దుమ్ములో కలిసిపోయింది.

వరుసకు ఎనిమిదేసి చొప్పున ఎనిమిది వరుసల జరీ హంసలు. ముప్పయ్యేళ్లలో ఆదెప్ప మగ్గం మీద పోగు తప్పి ఎరగదు. కదిరిలో దిగీ దిగగానే ఒక్కసారి విప్పి చూస్తానని బతిమాలాడు గాని, జయరాముడు అప్పటికే చీరను స్వామి పాదాల దగ్గర పెట్టించి, కుంకుమ చల్లించి, వేదిక మీది పళ్లెంలో ఉంచేశాడు. "స్వామికి చూపిచ్చినాంక విప్పకూడదన్నా. సత్కారమప్పుడు కొంగు పరిచి అందరికీ చూపిస్తాం కదా, అప్పుడు జూడు" అన్నాడు. ఆదెప్ప భయం సరిగ్గా అదే.

పళ్లెం కనబడేలా ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. అది రాలేకపోయిన ఒక సంగీత పండితుడి కోసం ఉంచిన పీఠం. గాయని ప్రసూన పాడబోతూ ఆ కుర్చీకి నమస్కరించింది. ఆదెప్ప తిరిగి నమస్కరించి, కళ్లు మూసుకుని, వేళ్ల కణుపుల మీద హంసలను లెక్కించడం మొదలుపెట్టాడు. ఏ వరుస నేసినప్పుడు ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు జ్ఞాపకమే. నాలుగో వరుసలో కరెంటు పోయింది. ఆరో వరుసలో బావమరిది వచ్చాడు. ఎనిమిదో వరుసలో ఏడో హంస కాగానే వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందెలు పట్టుకుని పరిగెత్తాడు. తిరిగొచ్చి... ఆదెప్ప వేలు ఆగిపోయింది.

వేదిక మీద గాత్రం విరమించి మృదంగం ఒంటరిగా పలుకుతున్న ఘట్టమది. మార్దంగికుడు చౌడప్ప ఆ వేలిని చూశాడు. తన లెక్క తప్పిందని పండితుడు పట్టేశాడనుకున్నాడు. ముక్తాయింపును మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. ఆదెప్ప కూడా, పొరబడ్డానేమోనన్న ఆశతో, మొదటి హంస నుంచి లెక్క అందుకున్నాడు. మళ్లీ ట్యాంకరు వచ్చింది, మళ్లీ వేలు ఆగింది. వెనుక వరుసలోని ఇద్దరు వకీళ్లు పెదవి విరిచారు. వారికి తాళం తెలియదు గాని, ముందు కుర్చీ మీద గౌరవముంది.

చౌడప్ప కళ్లు మూసుకుని, ఇష్టదైవాన్ని తలచుకుని, మూడోసారి ఎత్తుకున్నాడు. దెబ్బలు మూడుగా, అయిదుగా, ఏడుగా పెరిగి, జరీ అంచు అల్లుకొచ్చినట్టు లెక్క లెక్కలోకి ఒదుగుతోంది. తాను ముప్పయ్యేళ్లుగా మగ్గం గుంటలో తొక్కుతున్నది ఎవరో పైనుంచి తిరిగి వినిపిస్తున్నట్టు తోచింది ఆదెప్పకు. హంసలు ఎప్పుడు జారిపోయాయో తెలియదు. వేళ్లు వాటంతటవే నడిచాయి. మృదంగం మీద చివరి దెబ్బ, తొడమీద ఆయన అరచెయ్యి ఒక్కసారే పడ్డాయి. కళ్లు తుడుచుకోవడం కూడా మరచిపోయి, గర్భగుడిలో నిలబడ్డవాడిలా చేతులు జోడించాడు. సభ చప్పట్లతో దద్దరిల్లింది.

కచేరీ ముగిశాక, పండితుణ్ని నాలుగు మాటలు సెలవియ్యమని వకీళ్లు కోరితే, జయరాముడు నవ్వుకుంటూ మైకు ఆదెప్ప చేతికిచ్చాడు. ఆదెప్పకు అబద్ధం నోట రాలేదు.

"నేను మగ్గమోన్ని సామీ. నాకు తాళం రాదు. ఆ చీరలో ఒక హంస తక్కువైంది, దాన్ని ఎతుకుతాంటి. మూడోసారికి హంస సంగతే మరిసిపోతి."

కొంగు పరిచారు. కడపటి వరుసలో ఏడే ఉన్నాయి. అప్పుడు చౌడప్ప మృదంగం పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు.

"రెండు తూర్లూ నేను ఒక దెబ్బ ఇడిసినా అన్నా. నీ యేలు యాడ ఆగిందో ఆడనే."

ప్రసూన నవ్వుతూ ఆ చీరనే భుజాన కప్పుకుని, ఆదెప్ప దిద్ది ఇస్తానన్నా ఇవ్వనంది.

మధ్యాహ్న భోజనానికి రావలసిన ఆదెప్ప సాయంత్రం కచేరీ కూడా విని, ఒక క్యాసెట్టుతో ఇల్లు చేరాడు. మరునాటి నుంచి మగ్గం పక్కన పాట మోగుతూనే ఉంది. ఆ తర్వాతి చీరలో, కడపటి వరుసకు హంసలు తొమ్మిది వచ్చాయి.