డిక్కీలో పెద్దాయన

కారు డిక్కీలో స్పీకర్లు మోగని వీధి కూడా ఒక వీధేనా? నన్నడిగితే అది శ్మశానం!

హ్యూస్టన్‌లో మా సన్నీసైడ్‌కు ఆ దిగులు లేదు. మిఠాయి రంగు పూసిన కార్లు డిక్కీలు తెరుచుకుని పెళ్లినడక నడుస్తుంటాయి. కారు వస్తున్న సంగతి ముందు నా వంటింటి గిన్నెలకు తెలుస్తుంది, తర్వాత నా కట్టుడుపళ్లకు, ఆ తర్వాతే చెవులకు. దీన్ని గోల అనేవాళ్లను చూసి జాలిపడండి. పొయ్యి మీద గంబో పులుసు కలపక్కర్లేదు, దానంతటదే కలుస్తుంది. పెరట్లో పెకాన్ కాయలు దులపక్కర్లేదు, వాటంతటవే రాలతాయి. ఇక చుట్టాలంటారా, రెండో పూటకు ఉండరు. ఇంతకన్నా ఏం కావాలండీ?

అసలు మేలు ఆల్బంతో మొదలైంది.

పక్కింటి లవెల్, వాడి స్నేహితులిద్దరూ కలిసి ‘పెకాన్ వీధి’ అని ఒక ర్యాప్ బృందం పెట్టారు. గరాజు గోడలకు పాత పరుపులు ఆనించి, మొదటి ఆల్బం రికార్డు చేశారు. మా ఊరి పద్ధతిలో పాటలన్నీ నెమ్మది చేసి సాగదీశారు. తప్పేముంది? మా ఎండకు మనుషులే కాళ్లీడ్చుకుంటూ నడుస్తారు, పాటలెందుకు పరిగెత్తాలి? పాట మొదలైనప్పుడు బెండకాయలు తరగడం మొదలుపెడితే, అది అయ్యేసరికి వండుకుని తిని గిన్నె కూడా కడిగేయొచ్చు.

ఆల్బం మొదట్లో ఒక పెద్దాయన గొంతు వస్తుంది. బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. “ఒరేయ్... లవెల్... ఆ మోత ఆపుతావా... నిన్నే డిక్కీలో పెట్టి... మూత వేయనా...” ఆ తర్వాత భూమి అదురుతుంది. జనం దానికి పడిచస్తున్నారు. ఎవరా పెద్దాయన అని ఊరంతా ఒకటే వెతుకులాట.

ఆ పెద్దాయన నేనే. పేరు వెర్లీన్. చర్చి గాయక బృందంలో అందరికన్నా పైస్థాయిలో పాడేదాన్ని!

ఒక మధ్యాహ్నం ఓపిక నశించి వంటింటి కిటికీలోంచి అరిచాను. గరాజులో మైకు ఆన్‌లో ఉంది. నా అరుపును కూడా పాటతోపాటే సాగదీశారు, సాగేసరికి అది ముసలి మగగొంతై కూర్చుంది. అడిగితే లవెల్ ఏమన్నాడో తెలుసా?

“ఉన్నదున్నట్టు పెడితే జనం జడుసుకుంటారు ఆంటీ.”

అయినా లాభం నాదే. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఇప్పుడు నా నోరు ఊరంతా తిరుగుతోంది. మోత చేసే కారే మోత ఆపమని అరుచుకుంటూ పోతోంది. ఇక నేను కిటికీ తెరవాల్సిన పనేముంది?

మా ఆయన ఆర్విన్‌కు ఇంకా పెద్ద లాభం. లవెల్ గరాజు పక్కనే మా ఇంటి కిటికీ, మగగొంతు, అందులోనూ ముసలిది. ఇంకెవరై ఉంటారని జనం తేల్చేశారు. ఆయన ఔననలేదు, కాదనలేదు, కొత్త టోపీ కొన్నాడు. మంగలి షాపులో ఇప్పుడు ఆయన దగ్గర డబ్బు పుచ్చుకోరట.

“నోరు విప్పి నిజం చెప్పొచ్చుగా?” అన్నాను.

“నాకు నోరెక్కడుందే?” అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో నాకెదురు మాట్లాడని మనిషి, ఇప్పుడు నా తిట్టు పెట్టుకుని ఊరేగుతున్నాడు.

మొన్న ఆదివారం నేనూ ఆర్విన్ చర్చి నుంచి కారులో వస్తుంటే, ఎర్ర లైటు దగ్గర ఒక కారు మా పక్కనే ఆగింది. నర్సు దుస్తుల్లో ఒకమ్మాయి, డిక్కీలో నేను. ఇక ఉండబట్టలేక అద్దం దించి, ఆ తిట్టు మొత్తం నా సొంత గొంతుతో, నా సొంత వేగంతో అప్పజెప్పాను.

ఆ అమ్మాయి పాట ఆపింది. నా మాటకు ఒక కారులో మోత ఆగడం అదే మొదటిసారి. నన్ను శ్రద్ధగా చూసి, నన్ను దాటి తొంగిచూసి, పక్కనున్న ఆర్విన్‌తో అంది:

“ఆంటీ బాగానే అన్నారండీ పెద్దాయనా. కానీ మీలా రాదు.”

ఆర్విన్ టోపీ సర్దుకుని, నా భుజం తట్టాడు.

“నేర్చుకుంటుందిలే తల్లీ,” అన్నాడు.

కాబట్టి పాఠకులారా, స్పీకర్లు ఎంత పెద్దవైనా పెట్టించుకోండి, నాకే అభ్యంతరమూ లేదు. డిక్కీ పెద్దదున్న కారు ఎవరైనా అమ్ముతుంటే మాత్రం నాకో కబురు పెట్టండి. ఆర్విన్ కాస్త పొడుగు మనిషి.