ఒక్బున్ పాటకు సొక్జున్ కేక

ఆ శనివారం పొద్దున సొక్జున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నేహితుడి పరువు తీసి, భోజనం వేళకు ఇల్లు చేరడం.

"గియోంగ్ కూడా ఇవాళే పాడతాడట కదరా? ఒక్బున్ గారి పక్కన ర్యాప్ పాడుతుంటే ఎంత ముచ్చటగా ఉంటాడో!" అంది వాళ్లమ్మ, మొలకల పులుసు వడ్డిస్తూ.

సొక్జున్‌కు ఒళ్లు మండిపోయింది. కుర్రతనం నుంచీ ఇద్దరూ జొంజు ఊరి సందుల్లో జంటగా ర్యాప్ పాడినవాళ్లే. అలాంటిది గియోంగ్ ఉన్నట్టుండి ఇతణ్ణి వదిలేసి, ఒక్క డోలు తోడుగా గంటల తరబడి కథ పాడే పాన్సోరి గాయని పక్కన చేరాడు.

"ఆ ముసలావిడ కోసం నన్ను వదిలేశాడమ్మా!"

"ఆవిడకు అరవై దాటాయిరా."

"అందుకే మరీ మంట!"

ఆనాటి పోటీలో గెలిచినవాళ్లకే శరదృతువు ఉత్సవంలో పెద్ద వేదిక. గియోంగ్ జంట ముందు, సొక్జున్ ఆ తర్వాత.

హాలు నిండా హిప్ హాప్ కుర్రకారే. పెద్దావిడ పాడుతోందన్న మర్యాదకొద్దీ అందరూ చేతులు కట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. పాన్సోరికి వినేవాళ్ల కేకలే ప్రాణం. అవి లేక ఒక్బున్ గొంతు జారిపోతోంది, గియోంగ్ ర్యాప్ కూడా చప్పబడింది. సొక్జున్ నోరు మూసుకుంటే చాలు, వాళ్లు మునిగిపోయేవాళ్లే. కానీ కడుపులో మంట ఊరుకోనిస్తేనా? పైగా బడివాళ్లు పాన్సోరికి తీసుకెళ్లినప్పుడు హాయిగా నిద్రపోయిన ఘనుడు, ఈ కేకల సంగతి తెలిస్తేనా?

"ఓహో! ఇరగదీశావులే!" అని వెటకారంగా అరిచాడు.

ఎంతైనా ర్యాప్ పాడే నోరు కదా, కేక సరిగ్గా తాళానికే పడింది. ఒక్బున్ ముఖం వెలిగిపోయింది. డోలు ఊపందుకుంది.

"ఓ, అరవొచ్చన్నమాట!" అన్నారు ముందు వరుస కుర్రాళ్లు.

కథలో భర్త భార్యను వదిలి వెళ్తున్నాడు. "అయ్యో, చంపేశావు తల్లీ!" అని సొక్జున్ వెక్కిరించాడు. హాలంతా అయ్యో అంది. ఆ అయ్యోల మీద గియోంగ్ ర్యాప్ ఎగిరి దూకింది. చివరికి "ఇక దిగండర్రా!" అని గొంతు చించుకున్నాడు గానీ, చప్పట్లలో అదెవరికీ వినపడలేదు.

తర్వాత అతని వంతు. కేకల రుచి మరిగిన కుర్రకారు ఇతను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆహా ఓహో అంటూ విరుచుకుపడ్డారు. రెండో చరణంలోనే మాటలు మరిచిపోయాడు.

"కాసేపు ఆగండర్రా బాబూ!"

"ఇరగదీశావులే!" అంది హాలు.

గెలిచింది గియోంగ్ జంట. దొడ్డిదారిన జారుకోబోతున్న సొక్జున్ చెయ్యి ఒక్బున్ పట్టుకుంది. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు నాయనా ఈ విద్య? నువ్వు అరవకపోతే ఇవాళ నా గొంతు లేచేది కాదు."

గియోంగ్ కళ్లు తుడుచుకున్నాడు. "నామీద కోపంగా ఉన్నావనుకున్నానురా!"

"ఇప్పటికీ కోపమేరా. నన్నొదిలేసి పోయావు."

"అయితే ఆ కోపంతోనే మా వెంట వచ్చెయ్యి."

సొక్జున్ కాదనలేకపోయాడు. ఉత్సవం పోస్టర్‌లో అందరి పేర్లూ వేశారు, ఇతని పేరు పక్కన "కేకలు" అని. డోలు వాయించేవాడి పేరుకన్నా తన పేరు చిన్నగా ఉందని ఇప్పుడతని ఏడుపు.