శుక్రుడి లెక్కన ఒక లగ్గం

ఆ రోజు పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. వేగుచుక్క కూడా లేదు. అది సూర్యుడి చాటుకు పోయి మూడు వారాలైంది. దీన్ని శుక్ర మూఢం అంటారు. మూఢంలో పెళ్లి చేస్తే కాపురం నిలవదు కాబట్టి కోటగిరి పక్కన మా ఊళ్లో పెళ్లిళ్లు ఆపేశారు. మిగతా రోజుల్లో చేసినవన్నీ నిలిచినట్టే లెక్క.

ఇబ్బంది ఒక్క సుకన్యకే వచ్చింది. ఇంటర్ చదివి బీడీలు చుడుతుంది. ఆమెకు కుదిరిన నరేందర్ చెరుకు ట్రాక్టర్ నడుపుతాడు. సోమవారం కోతలు మొదలవుతాయి. మొదలైతే నాలుగు నెలలు అతను ట్రాక్టర్ దిగడు. పెళ్లి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి ఆషాఢమని, ఒకసారి ఊరి పెద్ద బాపురావు పటేల్‌కు నడుము పట్టిందని. ఆయన లేనిదే మా ఊరికి ముహూర్తం రాదు.

సుకన్య బీడీల చాట పక్కన పెట్టి, బడి పుస్తకం పట్టుకుని ఆయన ఇంటికి పోయింది.

“పటేలా, గా శుక్రుడు ఉల్టా తిరుగుతడంట. ఆడ పొద్దు పడమట పొడుస్తదంట. తన సుట్టు తాను ఒక్కపారి తిరిగేలోపల సూర్యుని సుట్టు తిరుగుడే అయిపోతదంట. గంత నెమ్మదోడు నా లగ్గం సంగతి ఎప్పుడు సూడాలె?”

“ఇంకేం రాసిండ్రు?” అన్నాడు బాపురావు.

“ఊపిరాడని గాలంట. సీసం కరిగే ఉడుకంట. మీదికెల్లి యాసిడ్ మబ్బులంట.”

వెంట వచ్చిన తల్లి సుమిత్రమ్మకు ఏమీ ఆశ్చర్యం కలగలేదు. “గది మా అత్తగారిల్లే గదనే,” అంది.

సుకన్య ఉద్దేశం మూఢాన్ని పట్టించుకోవద్దని. బాపురావుకు అర్థమైంది వేరు. ఆ సాయంత్రమే ఊరిని సమావేశపరచి, కండువా సర్దుకుని ప్రసంగించాడు.

“సోదరులారా! తప్పు శుక్రునిది కాదు. గాయన ఉల్టా తిరుగుతుండు, మనం సీదా లగ్గాలు చేస్తున్నం. ఎట్ల పడుతది? సైన్సును గౌరవించుడు మన బాధ్యత!”

శుక్రుడి పద్ధతిని అనుసరించి పెళ్లిని చివరి నుంచి మొదటికి జరిపించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. పెళ్లిళ్లు చేసే అయ్యగారు పంచాంగం తిరగేసి, ఉల్టా పెళ్లికి మూఢం అడ్డమని ఎక్కడా రాయలేదని ధ్రువీకరించారు.

“ఉల్టానో సీదానో, ఆదివారం లోపల కానియ్యుండ్రి,” అంది సుకన్య.

ఆదివారం ముందుగా, చివర జరగాల్సిన ఊరేగింపు, బరాత్. బ్యాండువాళ్లు వెనక్కి నడుస్తూ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. గుర్రం ఒప్పుకోలేదు, దానికి చదువు లేదు. నరేందర్ తన ట్రాక్టరే ఎక్కి, ట్రాలీతో సహా రివర్సులో రెండు కిలోమీటర్లు, కాలువ గట్టు మీదుగా, పక్కనున్న చెరుకు ఒక్కటి విరగకుండా వచ్చాడు. ఆ రోజు పనితనం ఉన్నది ఆ ఒక్క పనిలోనే కనుక దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

తర్వాత అప్పగింతలు. సుమిత్రమ్మ కూతురిని పట్టుకుని ఏడ్చింది. ఇంకా పెళ్లి కాలేదని గుర్తొచ్చి ఆపింది. మళ్లీ వీలు దొరకదేమోనని మళ్లీ ఏడ్చింది.

ఆ తర్వాత, వరుస ప్రకారం, భోజనాలు. బగారన్నం, మటన్. అయిదు వందల మంది తిన్నారు. తిన్నాక ఏం చేయాలో వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చేతులు తుడుచుకుని, “మంచిగైంది లగ్గం” అని చెప్పి ఇళ్లకు పోయారు. బాపురావు పెద్దమనిషి గనుక అందరికంటే ముందు పోయాడు.

తాళి కట్టే వేళకు మండపంలో పిల్ల, పిల్లగాడు, అయ్యగారు, సుమిత్రమ్మ మిగిలారు. అక్షింతలు వేసేవాళ్లు లేక సుమిత్రమ్మే ఇటు వచ్చి ఆడపెళ్లివారి తరఫున, అటు పోయి మగపెళ్లివారి తరఫున వేసింది.

“ఎవ్వలు సూడలే గదా, లగ్గం అయినట్టేనా?” అని నరేందర్ అడిగాడు.

“సీదా లగ్గాలల్ల మాత్రం ఎవలు సూస్తరు?” అంది సుకన్య.

ఇది చదువుతున్న తమరు ఆమె మాటకు నొచ్చుకోనక్కర లేదు. కిందటిసారి వెళ్లిన పెళ్లిలో పెళ్లికూతురి పేరు ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు. కూరలో ముక్కలు ఎన్ని పడ్డాయో ఎలాగూ గుర్తుండే ఉంటుంది.

నలుగురూ వంట గిన్నెల దగ్గర కూర్చున్నారు. ముక్కలు అయిపోయి షేర్వా పులుసు మిగిలింది. అయ్యగారికి పెరుగు.